పాత ఫోను మీద నింద: క్యాంపస్ వైఫై ఎందుకు నెమ్మదిస్తుంది?

హాస్టళ్లలో రాత్రి తొమ్మిది దాటాక వైఫై మొరాయిస్తే మొదట తిట్లు పడేది పాత ల్యాప్‌టాప్ ఉన్నవాడికే. “నీ డబ్బా వల్లేరా అందరి స్పీడూ చచ్చిపోతోంది” అంటారు. కంప్యూటర్ సెంటర్ వాళ్లను అడిగినా ఇంచుమించు అదే జవాబు, కాకపోతే కాస్త మర్యాదగా: పాత పరికరాలు మానేయండి, కొత్తవి తెచ్చుకోండి. ఈ ఆరోపణలో నిజం లేకపోలేదు. కానీ బోనులో నిలబెట్టింది అసలు ముద్దాయిని కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి చదివితే, నెమ్మది పరికరం పదిమందికీ నష్టం చేసేమాట వాస్తవమేనని తేలుతుంది. ఆ నష్టానికి మూలం మాత్రం గాలిని పంచుకునే పద్ధతిలోనూ, ఆ పద్ధతి మీద క్యాంపస్‌లు ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేసిన సెట్టింగుల్లోనూ ఉంది. పరికరం వయసుకు అందులో వాటా చాలా తక్కువ.

ముందుగా ఒక అపోహ సంగతి. పాత పరికరం కనెక్ట్ కాగానే రూటరు మొత్తం దాని వేగానికి దిగిపోతుందని చాలామంది నమ్మకం. అలా జరగదు. యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సంకేతాలు పంపే ఆ పెట్టె, ఒక్కో పరికరంతో ఒక్కో వేగంతో మాట్లాడుతుంది. మీ కొత్త ఫోనుకు 54 మెగాబిట్ల వేగంతో పంపిన మరుక్షణం పక్కవాడి పాత ల్యాప్‌టాప్‌కు 1 మెగాబిట్‌తో పంపగలదు. చిక్కల్లా సమయంతోనే. ఒక చానల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ఆ ఒక్కరు మాట్లాడినంతసేపూ మిగతావాళ్లు నోరు కట్టుకుని కూర్చోవాలి.

లెక్క వేస్తే ఇది కళ్లకు కడుతుంది. ఇంటర్నెట్‌లో తిరిగే మామూలు పెద్ద ప్యాకెట్ 1,500 బైట్లు, అంటే 12,000 బిట్లు. సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో దాన్ని పంపడానికి 0.22 మిల్లీసెకన్లు చాలు. అదే ప్యాకెట్‌ను 1 మెగాబిట్ వేగంతో పంపాలంటే 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో నిర్ణయించేది 1997లో వచ్చిన 802.11 ప్రమాణం. దాని సూత్రం తేలిక: పంపే ముందు విను, ఎవరూ మాట్లాడకపోతే లాటరీలో పడ్డన్ని క్షణాలు ఆగు, అప్పటికీ ఖాళీగా ఉంటే పంపు. పెద్దన్న ఎవరూ లేకుండానే అందరికీ దీర్ఘకాలంలో సమానంగా వంతులు వస్తాయి. వీధి కుళాయి దగ్గర మనిషికో బిందె అన్న నియమం లాంటిదే ఇది. ఒకరి బిందె మూతి మరీ సన్నగా ఉండి కుళాయిని సన్నధారగా తిప్పాల్సి వస్తే, ఆవిడకు దక్కేదీ ఒక్క బిందే, కానీ వరసంతా ఆవిడ బిందె నిండేదాకా నిలబడాలి.

ఈ సంగతిని లెక్కగట్టి లోకానికి చెప్పింది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు. మార్టిన్ హ్యూస్, ఆయన సహచరులు ముగ్గురూ కలిసి 2003లో ఇన్ఫోకామ్ సదస్సులో ఒక పత్రం సమర్పించారు. 11 మెగాబిట్ల వేగంతో పనిచేసే పరికరాల మధ్య 1 మెగాబిట్‌కు పడిపోయిన పరికరం ఒక్కటి చేరితే, వేగంగా ఉన్నవాటన్నిటికీ దక్కేది 1 మెగాబిట్ కంటే కూడా తక్కువేనని అందులో చూపించారు. వాళ్లు దీనికి పెట్టిన పేరు ‘పనితీరు వైపరీత్యం’. ఆ పేరే తర్వాత ఈ రంగంలో స్థిరపడింది. హాస్టల్ గదుల్లో వినిపించే ఆరోపణకు శాస్త్రీయ ఆధారం ఏదైనా ఉందంటే అది ఈ పత్రమే.

దాన్ని పదిమంది ఉన్న చానల్‌కు అన్వయిద్దాం. తొమ్మిదిమంది 54 మెగాబిట్ల మీద, ఒక్కరు 1 మెగాబిట్ మీద ఉన్నారు. అందరికీ తలా ఒక వంతు రావడానికి సుమారు 14 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో 12 ఆ ఒక్కరివే. ప్రతివారికీ దక్కేది 0.86 మెగాబిట్లు, పదిమందికీ కలిపి 8.6. ఇప్పుడు ఆ ఒక్కరి కనీస వేగం 1 నుంచి 6 మెగాబిట్లకు పెరిగిందనుకుందాం. చుట్టు 4 మిల్లీసెకన్లకు దిగి, తలా 3 మెగాబిట్ల చొప్పున మొత్తం 30కి చేరుతుంది. అదే కనీసం 12 అయితే మొత్తం 40. ప్యాకెట్ల మధ్య ఖాళీలు, రసీదులు లెక్కలో కలపలేదు కాబట్టి నిజజీవితంలో అంకెలు ఇంకా తగ్గుతాయి, కానీ నిష్పత్తులు దాదాపు ఇవే. 54 మెగాబిట్లను 300 చేసినా ఈ గదికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అట్టడుగు వేగాన్ని 1 నుంచి 6కి లేపితే మాత్రం మూడు రెట్లకు పైగా లాభం. పెట్టెల మీద అచ్చేసే గరిష్ఠ వేగాలు చూసి యాక్సెస్ పాయింట్లు కొనే కమిటీలు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుండు.

మరుసటి ఏడాది, 2004లో, ఎంఐటీకి చెందిన గోడ్‌ఫ్రే టాన్, జాన్ గుటాగ్ మరో వైపు నుంచి వచ్చారు. సమానంగా పంచాల్సింది వంతులనా, సమయాన్నా అని అడిగారు. సమయాన్ని పంచితే పై ఉదాహరణలో ప్రతివారికీ గాలిలో పదోవంతు దక్కుతుంది. వేగంగా ఉన్న తొమ్మిదిమందికి తలా 5.4 మెగాబిట్లు, నెమ్మదిగా ఉన్నవారికి 0.1, మొత్తం 48కి పైనే. వినగానే నెమ్మది పరికరానికి అన్యాయం జరిగినట్టే ఉంటుంది, 0.86 నుంచి 0.1కి పడిపోయింది కదా! వాళ్ల వాదన వేరు. పదిమందీ 1 మెగాబిట్ మీదే ఉండి ఉంటే ఆ మనిషికి దక్కేది ఎటూ 0.1 మాత్రమే. అంటే పక్కవాళ్లు వేగంగా ఉన్నా, నెమ్మదిగా ఉన్నా తనకు రావలసింది మారదు, తన నెమ్మది వల్ల వాళ్లకు రావలసిందీ తగ్గదు. నాకైతే ఈ వాదన న్యాయంగానే తోస్తుంది. ఒక్క షరతు: ఆ మనిషి ఎందుకు 1 మెగాబిట్ మీద మిగిలిపోయాడో కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి. ఆ మాట తర్వాత.

వంతులతో పాటు పాత పరికరాలు వసూలు చేసే ఇంకో పన్ను ఉండేది. 2003లో 802.11జి వచ్చి 2.4 గిగాహెర్ట్జ్‌లో 54 మెగాబిట్ల వేగాన్ని తెచ్చింది, కానీ అంతకుముందరి 802.11బి పరికరాలకు ఆ కొత్త భాష వినపడదు. చానల్ ఖాళీగా ఉందనుకుని మధ్యలో అరుస్తాయి. అందుకని పాతది ఒక్కటి కనెక్ట్ అయినా చాలు, కొత్తవన్నీ ప్రతి ప్యాకెట్‌కు ముందు పాత భాషలో “జాగ్రత్త, మాట్లాడబోతున్నా” అని ఒక చిన్న ప్రకటన చేయాల్సి వచ్చేది. 1 మెగాబిట్ వేగంతో ఆ 14 బైట్ల ప్రకటనకు 304 మైక్రోసెకన్లు పడుతుంది. అసలు ప్యాకెట్‌కు 54 మెగాబిట్లతో సుమారు 250. పెళ్లి కంటే లగ్నపత్రికకే ఖర్చెక్కువ. పైగా పాతది ఏమీ పంపకుండా ఊరికే కూర్చున్నా ఈ పన్ను తప్పదు. “కనెక్ట్ అయితే చాలు, అందరికీ నెమ్మది” అన్న నానుడి పుట్టింది బహుశా ఆ రోజుల్లోనే. అచ్చమైన 802.11బి పరికరాలు ఇప్పుడు క్యాంపస్‌లలో దాదాపు కనిపించవు. నానుడి మాత్రం మిగిలింది.

పరికరాలు పోయినా 1 మెగాబిట్ పోలేదు. ఎందుకు పోలేదన్నది క్యాంపస్ నెట్‌వర్క్‌లలో అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే విషయం. ప్రతి యాక్సెస్ పాయింట్ తానున్నానని చాటుతూ సుమారు 102 మిల్లీసెకన్లకోసారి బీకన్ అనే సందేశం పంపుతుంది. అది అందరికీ వినపడాలి కాబట్టి అనుమతించిన వేగాల్లో అట్టడుగు దాంతో పంపుతుంది. సెట్టింగుల్లో 1 మెగాబిట్‌ను తీసెయ్యకపోతే, 250 బైట్ల బీకన్‌కు 2.2 మిల్లీసెకన్లు ఖర్చు. ఒక్కటే అయితే ఫరవాలేదు. కానీ మన కాలేజీల్లో ఫోను తెరిస్తే కనిపించే జాబితా ఎంత! విద్యార్థులకొకటి, ఫ్యాకల్టీకొకటి, అతిథులకొకటి, పరీక్షల విభాగానికొకటి, ఆపైన విద్యాసంస్థల ఉమ్మడి నెట్‌వర్క్ ఎడ్యురోమ్. పేరుకో బీకన్ లెక్కన ఒకే యాక్సెస్ పాయింట్ అయిదు పేర్లు చాటితే 11 మిల్లీసెకన్లు, అంటే గాలిలో పదోవంతుకు పైనే ఒక్క ముక్క సమాచారం కూడా కదలకముందే ఖర్చయిపోతుంది. అదే చానల్ మీద మరో రెండు యాక్సెస్ పాయింట్లు వినబడే చోట మూడోవంతు వరకు పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు మూడే (1, 6, 11) కాబట్టి హాస్టల్ బ్లాకులో అలా వినబడడం మామూలే.

కావలసినవాళ్లు దీన్ని తమ కళ్లతోనే చూడవచ్చు. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డును మానిటర్ మోడ్‌లో పెట్టి వైర్‌షార్క్ తెరిస్తే, గాలిలో పోయే ప్రతి ఫ్రేముకూ దాని వేగం పక్కనే కనిపిస్తుంది. పట్టించుకోని హాస్టల్ నెట్‌వర్క్‌లో ఆ తెర నిండా 1.0 అన్న అంకె జలజలా రాలుతూ ఉంటుంది. బీకన్లు, దగ్గర్లో ఏ నెట్‌వర్క్ ఉందని జేబుల్లోని ఫోన్లు అడిగే ప్రశ్నలు, ఆ ప్రశ్నలకు ప్రతి యాక్సెస్ పాయింటూ ప్రతి పేరు తరఫునా ఇచ్చే జవాబులు, ప్రింటర్ల వెతుకులాట. వీడియోలు మోసే 200, 300 వేగాల ఫ్రేములు వాటి మధ్య అక్కడక్కడా మెరుస్తాయి. ఈ రద్దీలో పాత ల్యాప్‌టాప్ వాటా ఎంతో వెతికితే ఒక్కోసారి దొరకను కూడా దొరకదు.

దూరం సంగతికి వద్దాం. వైఫైలో వేగాన్ని నిర్ణయించేది మోడల్ సంవత్సరం ఒక్కటే కాదు, సిగ్నల్ బలం కూడా. కారిడార్ మధ్యలో బిగించిన యాక్సెస్ పాయింట్‌కు ఎదురుగా ఉన్న గదిలో పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ హాయిగా పరుగెత్తుతుంది. రెండు ఇటుక గోడలు, ఒక ఇనప బీరువా దాటి చివరి గదిలో మంచమెక్కిన ఈ ఏటి ఫోను అట్టడుగు వేగానికి దిగి, పరిశోధకులు చెప్పిన ఆ ‘నెమ్మది పరికరం’ అవుతుంది. ఫోన్లకు ఇంకో జబ్బు కూడా ఉంది: మెస్‌లో పట్టుకున్న యాక్సెస్ పాయింట్‌ను గదికొచ్చినా వదలవు. నెత్తిమీద ఇంకొకటి వెలుగుతున్నా సన్నటి పాత దారాన్నే పట్టుకు వేలాడుతాయి.

రద్దీ కూడా పరికరాలను నెమ్మదిపరుస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా పరిశోధకులు 2005లో మినియాపొలిస్‌లో జరిగిన ఐఈటీఎఫ్ సమావేశపు గాలిని రికార్డు చేసి పరిశీలించారు. వచ్చినవాళ్లంతా ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లే, అయినా వాళ్ల హాలుకూ మన హాస్టలుకూ జరిగింది ఒకటే. ఇద్దరు ఒకేసారి మాట్లాడి ప్యాకెట్ చెడిపోతే, పరికరం దాన్ని బలహీన సిగ్నల్‌గా పొరబడి వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే ప్రతి ప్యాకెట్ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, రద్దీ ఇంకా పెరుగుతుంది, ఢీకొనడాలూ పెరుగుతాయి. చూస్తుండగానే మంచి పరికరాలు కూడా 1 మెగాబిట్‌కు జారతాయి. అప్పుడు ఎవరి ల్యాప్‌టాప్ పాతదని వెతికి ఏం లాభం?

కొత్త ప్రమాణాలు వస్తే ఇదంతా సర్దుకుంటుందని ఆశపడ్డవాళ్లున్నారు. 2009 నాటి 802.11ఎన్, ఒక్కో వంతులో ఎన్నో ప్యాకెట్లను మూటగట్టి పంపే వీలు తెచ్చింది. వేగంగా ఉన్నవారు తమ వంతులో పెద్ద మూట పంపితే, వంతులు సమానమైనా సమయం దాదాపు సమానంగా పంచబడాలి. కాగితం మీద సరిగ్గానే ఉంది. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయంలో టోకె హోయ్లండ్-యోర్గెన్సెన్ బృందం 2017లో కొలిచి చూస్తే వేరేగా తేలింది. 144 మెగాబిట్ల మీద రెండు పరికరాలు, 7.2 మీద ఒకటి పెడితే ఆ ఒక్కటే గాలిలో సుమారు 80 శాతం తినేసింది. కారణం యాక్సెస్ పాయింట్ లోపలి క్యూ. అందరి ప్యాకెట్లూ ఒకే వరసలో నిలబెట్టడంతో అది నెమ్మది పరికరం ప్యాకెట్లతో నిండిపోతోంది. వేగంగా ఉన్నవాటి వంతు వచ్చేసరికి మూట కట్టడానికి సరుకే ఉండదు. ఒకటో రెండో ప్యాకెట్లు పంపి మళ్లీ వరసలోకి వెళ్లాలి.

వాళ్లు చేసిన మరమ్మతు చూసి నాకు ముచ్చటేసింది. పరికరానికొక క్యూ పెట్టి, ప్రతిదీ గాలిలో వాడిన సమయాన్ని ఖాతా రాసి, ఖాతాలో తక్కువ వాడినవారికి ముందు అవకాశం ఇచ్చారు. 2004లో ఎంఐటీ చెప్పిన సమయ న్యాయమే, పదమూడేళ్ల తర్వాత ఎవరైనా ఉచితంగా వాడుకునేలా లైనక్స్ కెర్నెల్‌లోకి, దాని మీద నడిచే ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ రూటర్లలోకి చేరింది. వేగంతో పాటు ఎదురుచూపు కూడా బాగా తగ్గింది, వీడియో కాల్‌లో మాట తెగిపోయేవారికి కావలసింది ముఖ్యంగా అదే. పెద్ద కంపెనీల క్యాంపస్ పరికరాల్లోనూ ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ పేరుతో ఇలాంటి సదుపాయం ఉంటుంది. ఉన్నదాన్ని ఆన్ చేశారా అన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో కథకు ఇంకో మలుపుంది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1990ల్లోనే వైర్‌లెస్ ఆండ్రూ పేరుతో క్యాంపస్ నెట్‌వర్క్ కట్టింది. డార్ట్‌మత్ 2001లో 476 యాక్సెస్ పాయింట్లతో క్యాంపస్ అంతా కప్పింది. ఇక్కడ 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం చెప్పింది 2005లో. 5 గిగాహెర్ట్జ్ పూర్తి విస్తృతితో తెరుచుకుంది 2018 అక్టోబరులో. దానికితోడు ఇంట్లోవాళ్లు కొనిచ్చే చవక ఫోన్లలో చాలావాటికి చాలాకాలం 5 గిగాహెర్ట్జ్ రేడియోనే లేదు. అందుకే మన హాస్టళ్లు ఏళ్లపాటు ఆ మూడు చానళ్ల ఇరుకులోనే కాలక్షేపం చేశాయి. 5 గిగాహెర్ట్జ్ మొదటినుంచీ 1 మెగాబిట్ ఎరగదు, దాని అట్టడుగే 6. చానళ్లూ ఎక్కువ. ఫోనులో 5 గిగాహెర్ట్జ్ ఉండి కూడా అది 2.4 మీదే నడుస్తోందంటే, ముందు చూడాల్సింది అక్కడ.

అన్నిటికీ గాలిదే తప్పు అనడమూ సరికాదు. అయిదువేలమంది ఉన్న క్యాంపస్‌కు 1 గిగాబిట్ లైను ఉంటే, అందరూ ఒకేసారి దిగితే తలకు 200 కిలోబిట్లు. అక్కడ ప్రతివాడికీ కొత్త ఫోను కొనిచ్చినా ఇంతే. ఫైర్‌వాల్ ఊపిరాడక పోవచ్చు, ఐపీ చిరునామాలు అయిపోవచ్చు. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు: ముందు క్యాంపస్ గేట్‌వేకు, తర్వాత బయటి సర్వరుకు పింగ్ చేయాలి. గేట్‌వే దగ్గరే వందల మిల్లీసెకన్లు ఊగిసలాడితే రోగం చాలావరకు గాలిలో ఉన్నట్టు. గేట్‌వే జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో వచ్చి బయటిది మాత్రమే లాగుతుంటే లైనులో. ఈ పరీక్ష చేయకుండా పాత ల్యాప్‌టాప్ మీద నోటీసు అంటించే అడ్మిన్‌ను నేను నమ్మను.

ఇక చేయాల్సినవి. 2.4లో 1, 2, 5.5, 11 వేగాలు తీసేసి కనీసం 12 చెయ్యడం. నెట్‌వర్క్ పేర్లను రెండుకో మూడుకో తగ్గించడం. ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ ఆన్ చెయ్యడం. మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. తీసేస్తే పాతవాళ్లు తెగిపోతారన్న భయం మాత్రం ప్రతిచోటా వినిపిస్తుంది. తెగిపోయేవాళ్లెవరు? ఈసీఈ పిల్లలు ప్రాజెక్టుల్లో వాడే నోడ్ఎంసీయూ బోర్డు 2.4లోనే పనిచేస్తుంది, కానీ దానిలోని చిప్‌కు 802.11ఎన్ వచ్చు, కాబట్టి 12 మెగాబిట్ల నెట్‌వర్క్‌లో బతుకుతుంది. 2.4 మాత్రమే ఉన్న చవక ఫోనూ బతుకుతుంది. నిజంగా తెగేది చివరి గది. అక్కడ సిగ్నలే 12 మెగాబిట్లకు చాలదు. ఇందాక వాయిదా వేసిన షరతు ఇదే: సమయ న్యాయం పెట్టినా, అట్టడుగు వేగాలు తీసేసినా ఆ గదివాడు నష్టపోతాడు, అతని తప్పు ఏమీ లేకుండానే. అతనికి కావలసింది కొత్త ఫోను కాదు, ఆ చివరన ఇంకో యాక్సెస్ పాయింట్. 2.4ను మొత్తంగా ఆపేసిన క్యాంపస్‌ల తీరు నాకు నచ్చకపోవడానికీ కారణం ఇదే. చవక ఫోను ఉన్న పిల్లలను బయటికి నెట్టి మిగిలినవాళ్ల స్పీడు పెంచడం ఇంజినీరింగ్ అనిపించుకోదు.

వైఫై 6గా పిలిచే 802.11ఏఎక్స్ ఒక్క వంతులోనే చానల్‌ను ముక్కలు చేసి నలుగురికి ఒకేసారి పంచగలదు, వంతులు వేసే పెత్తనమూ కొంత యాక్సెస్ పాయింట్ చేతికి వచ్చింది. ఆ లాభం ఆ భాష వచ్చిన పరికరాల మధ్యే. పాతవి పక్కనుంటే పాత లాటరీ మామూలే. అసలు తేడా 6 గిగాహెర్ట్జ్‌లో ఉంది. అక్కడికి పాత పరికరాలకు ప్రవేశమే లేదు. అమెరికా 2020లో 1,200 మెగాహెర్ట్జ్ తెరిచింది. భారత ప్రభుత్వం 2025 మేలో అందులో దిగువ 500 మెగాహెర్ట్జ్‌కు ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది, ఇంటి లోపల తక్కువ శక్తితో వాడుకునేలా. అయితే ఆ తరంగాలు గోడలు దాటడంలో 5 గిగాహెర్ట్జ్ కంటే బలహీనం. కారిడార్‌లో ఇప్పుడున్న మేకులకే కొత్త పెట్టెలు తగిలిస్తే గదుల్లోకి అందేది అంతంతమాత్రమే. ఈ టెండర్లు వేసేటప్పుడు పెట్టెల ధర ఒక్కటే చూడకుండా, కారిడార్ నుంచి గదుల్లోకి కేబుల్ లాగే ఖర్చు, దానికి సరిపడా పవర్ ఇచ్చే స్విచ్చుల ఖర్చు అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.